పొలి గంప

బొడ్రాయి పండుగ చందా పుస్తకం బయటికొచ్చిందంటే మా ఊర్లో రెండు పంచాయితీలు మొదలవుతాయి. ఇంటికి ఎంత అన్నది మొదటిది. దాన్ని కమిటీ వాళ్లు ఒక్క పొద్దులో తేల్చేస్తారు. అసలు ఎందుకు అన్నది రెండోది. అది నా చిన్నప్పటి నుంచి నడుస్తూనే ఉంది.

మాది రామన్నపేట పక్క ఊరు. కాలువ కింద వరి, మీదికెక్కితే చెల్కలు. చెల్కల్లో ఒకప్పుడు ఆముదం, జొన్న, కంది ఉండేవి. ఇప్పుడు కనుచూపు మేర పత్తే. మాకు సాంఘికశాస్త్రం చెప్పిన పెద్దసారు రిటైరయ్యాక రామన్నపేటలో, రైలు స్టేషనుకు పోయే తొవ్వలో ఇల్లు కట్టుకున్నారు. భూమి మాత్రం ఊర్లోనే ఉంది.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఆయనను చూసి వద్దామని పోతే, అరుగు మీద అప్పటికే జగడం నడుస్తోంది. ఎదురుగా కూర్చున్నది మా క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారి. ఊరంతా ఏఈవో మేడం అంటారు. ఆమెదీ మా ఊరే, ఆమె కూడా సారు దగ్గర చదువుకున్నదే. ఒళ్లో పాలిథిన్ సంచి, అందులో లింగాకర్షక బుట్ట. నేను ఒక మూలకు స్టూలు లాక్కున్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నోరు ఊరుకోని చోట నా మాట కూడా ఉంటుంది.

ఏఈవో: చందా ఇయ్యతందుకు రాలేదు సార్. పొలి ఖర్చు ఆపించుండ్రని అడగతందుకు వచ్చిన. మీ మాటయితే కమిటీ వింటది.

పెద్దసారు: ముందుగాల నీళ్లు తాగు బిడ్డా. పండుగ మొత్తం వద్దంటున్నవా, పొలి ఒక్కటేనా?

ఏఈవో: పండుగ చేసుకోండ్రి. ఆడబిడ్డలను పిలుచుకోండ్రి, వండుకోండ్రి, తినుండ్రి. నేనెందుకు వద్దంట? పొట్టేలును కోసి, ఆ నెత్తురు అన్నంల కలిపి, నడిరాత్రి పొలిమేర చుట్టు చల్లితే పత్తికి గులాబిరంగు పురుగు రాదా? ఆ పురుగు కాయ లోపట కూసుంటది సార్. గింజ తింటది. కాయ పగులగొట్టి చూస్తే తప్ప రైతుకే కనబడదు. దానికి మీ పొట్టేలు సంగతి ఎట్ల తెలుస్తది? గా పైసలు పెట్టి ఎకరానికి 8 బుట్టల లెక్కన కట్టుకుంటే రెక్కల పురుగన్న పడతది.

పెద్దసారు: ఇయాల తారీఖెంత?

ఏఈవో: ఏప్రిల్ 25. ఎందుకు సార్?

పెద్దసారు: రెండు వేల ఏండ్ల కింద ఇదే రోజు రోము పట్నంల జనం తెల్లబట్టలు కట్టుకొని ఊరి బయటికి ఎల్లేటోళ్లు. అయిదో మైలురాయి కాడ ఒక తోపు. తోపుల దేవుడు రోబిగస్. ఎవరనుకున్నవ్? గోధుమ ఆకు మీద, కాడ మీద తుప్పు లెక్క పొడి లేస్తదే, ఆ తెగులు. తెగులునే దేవుడన్నరు. దానికి ఒక కుక్కను, ఒక గొర్రెను ఇచ్చి, మా గోధుమ జోలికి రాకు, నీకు ఇనుమే కావాల్నంటే కత్తులున్నయి, ఈటెలున్నయి, వాటిని పట్టు అని మొక్కేది. ఒవిడ్ అనే కవి నొమెంటం నుంచి ఇంటికి వస్తుంటే ఈ గుంపు ఎదురొచ్చిందట. కుక్కనెందుకు కోస్తున్నరని పూజారినే అడిగిండు. ఆకాశంల కుక్క చుక్క ఒకటుంది, అది పొడిచినప్పుడు పంట మాడుతది, ఆ చుక్క అందదు గనుక ఈ కుక్క అని జవాబొచ్చింది. పేరు కలిసిందని కుక్క పానం పోయింది.

ఏఈవో: మీరే చెప్తున్నరు గద. పేరు కలిసిందని పానం పోయిందని.

పెద్దసారు: ఆగు. తారీఖు చూడుమంటున్న. ఏప్రిల్ చివర అంటే అక్కడ గోధుమ ఎన్ను తీసే సమయం. తుప్పు కొడితే అప్పుడే కొట్టాలె. ఈ పండుగను నూమా అనే రాజు పెట్టిండని రాసిన రోము రచయిత ప్లినీయే, పంటలకు తుప్పును మించిన పీడ లేదని కూడ రాసిండు. దాన్ని సలికి ముడి పెట్టిండు. వాళ్లకు కారణం తెల్వకపోవచ్చు. కాలం మాత్రం తెలుసు. తర్వాత రోము క్రైస్తవమైతే ఏమైంది? అదే ఏప్రిల్ 25న, కుక్క లేకుంట, పాటలు పాడుకుంట ఊరేగింపు పోయిన్రు. దేవుడు మారిండు గని తారీఖు మారలే.

ఏఈవో: కాలం తెలిసింది, ఒప్పుకుంట. మరి తుప్పు తగ్గిందా? నేను పాలెం కాలేజీల తెగుళ్ల శాస్త్రం చదువుకున్న సార్, నాకు రోబిగస్ అడ్రసు తెలుసు. 1767ల ఇటలీలనే ఫెలిచె ఫొంటానా అని ఒకాయన ఆ ఎర్రపొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిండు. ఇది దేవుడు కాదు, మంచు కాదు, ఎండ కాదు, గోధుమ మీద పడి బతికే జీవి అని బొమ్మ గీసి చూపెట్టిండు. 1865ల జర్మనీల డి బారీ ఇంకో సగం తేల్చిండు. ఆ శిలీంధ్రానికి రెండు ఇండ్లు. చలికాలం దాటిన విత్తనం గోధుమ మీద నేరుగ మొలవదు. ముందు బార్బెరీ మీద పడాలె. మన మానుపసుపు జాతి ముండ్లకంప. దాని ఆకు మీద పెరిగి, అక్కడి నుంచి గోధుమ మీదికి వస్తది. కంప కొట్టేస్తే తొవ్వ తెగినట్టే. మీ కుక్కకు గీ పని చేతనయితదా?

పెద్దసారు నవ్వారు. ఓడిపోయినోడి నవ్వు కాదది. క్లాసులో ఎవరన్నా మంచి ప్రశ్న వేస్తే అట్లాగే నవ్వేవారు. ఆ తర్వాత వేసినవాడి పని అయిపోయేది.

పెద్దసారు: మంచిగ చెప్పినవ్. నేనొకటి కలుపుత. డి బారీకి వందేండ్ల ముందు, 1755ల, అమెరికల మసాచుసెట్స్‌ల బార్బెరీ కంపలు కొట్టెయ్యాలని చట్టం చేసిన్రు. దానికన్న ముందు 1726ల కనెక్టికట్‌ల చేసిన్రు. అప్పటికి ఏ శాస్త్రవేత్త చెప్పిండు? ఎవ్వరూ చెప్పలే. కంప పక్క చేనే ఎందుకు ఎర్రబారుతుందని రైతులే చూసిన్రు. చట్టమెందుకు కావాల్సొచ్చిందో ఆలోచించు. కంప నీ గెట్టు మీద ఉంటది, తుప్పు నా చేన్ల పడతది. నీకేం నష్టం లేదు, నువ్వెందుకు కొడతవ్? తెగులుకు పట్టా పాస్‌బుక్కు తెల్వది బిడ్డా. ఎవని పొలం వాడు కాపాడుకుంటమంటే కుదరదు. పొలి చల్లుడంటే ఊరు మొత్తానికి ఒక గీత గీసుడు. ఆ రాత్రి ఊర్లకు ఎవ్వరు రారు, ఊరు దాటి ఎవ్వరు పోరు. అష్టదిగ్బంధనం. నెత్తురుతోని పురుగు చావదని నాకు తెల్వదా? ఊరంత ఒక్కటే చేను అనుకునే రాత్రి ఏడాదిల అదొక్కటే ఉన్నది. దాన్ని కూడ నువ్వు తీసేస్తనంటున్నవ్.

ఏఈవో: ఊరంత ఒక్కటా సార్?

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. సంచిలోంచి బుట్టను బయటికి తీసి, దాని ప్లాస్టిక్ మూత తిప్పుతూ అన్నది. సారుకు అప్పుడే అర్థమైందనుకుంటాను, తన మాటకు ఎక్కడ దెబ్బ పడబోతోందో.

పెద్దసారు: చెప్పు.

ఏఈవో: మీరే ఒకసారి క్లాసుల చెప్పిన్రు, కేటో అని రోము రైతు ఒక వ్యవసాయం పుస్తకం రాసిండని. పొలం చుట్టు పందిని, గొర్రెను, ఎద్దును తిప్పి బలిచ్చేటప్పుడు ఏమని మొక్కాల్నో అండ్ల ఉందన్నరు. కండ్లకు కనబడే రోగాలు, కనబడనియి అన్ని ఆపు, నన్ను నా ఇంటిని నా ఇంటోళ్లను సల్లంగ చూడు అని. మాకు మస్తు నచ్చింది. తర్వాత కాలేజీ లైబ్రరీల ఆ పుస్తకం దొరికితే చదివిన. అదే పుస్తకంల ముందు పేజీలల్ల ఇంకో మాటున్నది. ముసలి ఎద్దును అమ్మెయ్యి, పనికిరాని బండిని అమ్మెయ్యి, ముసలి బానిసను అమ్మెయ్యి, రోగమొచ్చిన బానిసను అమ్మెయ్యి. ఇది మాకు చెప్పలే మీరు.

పెద్దసారు: చెప్పలే.

ఏఈవో: మా తాతకు గజం భూమి లేదు సార్. పొలి గంప ఎత్తింది మాత్రం ఆయనే. ఆయనకన్న ముందు ఆయన నాయిన. గంప అంటే గింతంత కాదు. వెదురు గంప, అడుగున యాపమండలు, మీద ఉడుకుడుకు అన్నం, అండ్ల నెత్తురు, పసుపు, కుంకుమ. అన్నం సెగ నెత్తికి కాలేది. కింద చుట్ట పెట్టుకున్నా నీళ్లు కారి చెవుల మీదికి వచ్చేవట. ఎనుక డప్పు, పక్కపొంటి దివిటీ. చల్లేటోడు గుప్పెడు గుప్పెడు తీసి “పొలి… పొలి…” అనుకుంట చల్లుతుంటే తాత గంప దించకుండ ఊరి చుట్టు తిరగాలె. ఎనుకకు మర్రి చూడొద్దు. కాళ్లకు చెప్పుల్లేవు. వాగు, ముండ్లు, తుమ్మకంప. తెల్లారినంక చెర్ల మునిగి వస్తే నాయినమ్మ ఇంట్లకు రానియ్యకపోయేది, ఊరి పీడంత మోసుకొచ్చిండని. మూడు రోజులు బయట పశువుల కొట్టంల పండేటోడు. ఇదంత చేస్తే కల్లం కాడ ఎవరి రాశిలనో కుంచెడు గింజలు. ఆ గింజల కోసం మూడు కల్లాలు తిరగాలె. మీ నాయిన కల్లం కూడ అండ్ల ఒకటి.

పెద్దసారు: …

ఏఈవో: పీడను ఊరి బయటికి పంపుడు మీ అందరి పండుగ. మోసుడు మా తాత పండుగ. తెల్లారి మీ ఇండ్లల్ల మాంసం వండుకున్నరు, మా ఇంట్ల తాత బయట పన్నడు. ఊరంత ఒక్కటే చేను అంటిరి గద. ఆ చేన్ల మా తాతకు ఎన్ని సాళ్లున్నయి?

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. స్టేషను వైపు గూడ్సు బండి పోతున్న చప్పుడు, అది ఎంతకూ అయిపోదు. ఇక్కడ నా మాట ఒకటి. పండుగల మీద రాసేవాళ్లం సాధారణంగా దేవత పేరు రాస్తాం, బోనం ఎట్లా అలంకరిస్తారో రాస్తాం, కుమ్మరి పూజ చేస్తాడని, బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తారని రాస్తాం. ఎవరి పని ఏదో రాసి “సామరస్యం” అని ముగిస్తాం. ఆ పని చేయను అంటే ఏమయ్యేదో రాయం. నేనూ రెండు మూడు వ్యాసాలు అట్లా రాసినవాణ్నే.

పెద్దసారు: నీ తాతను నాకు తెలుసు. డప్పు ఆయన లెక్క కొట్టేటోడు ఈ చుట్టుపక్కల లేడు. నువ్వు చెప్పిన ఆ మూడు రోజుల సంగతి నాకు తెల్వది. తెల్సుకోలే అనాలె. దానికి జవాబు నా దగ్గర లేదు. గని ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. ఎర్రగొంగళి పురుగు మంటలు యాదికున్నయా?

ఏఈవో: నేను పుట్టకముందుటియి. నాయిన చెప్పేటోడు.

పెద్దసారు: మన నల్లగొండ, పాలమూరు చెల్కలల్ల అంత ఆముదమే గద అప్పుడు. తొలకరి వాన గట్టిగ పడ్డదంటే రెండు మూడు రాత్రులల్ల భూమిల నుంచి రెక్కల పురుగులు లేచేవి. అవి గుడ్లు పెడితే ఎర్రటి బొచ్చు గొంగళ్లు. ఒక చేను తిని పక్క చేన్లకు దండు లెక్క నడిచిపోయేవి. రోడ్డు దాటుతుంటే బండి చక్రాలు జారేవి. మందు కొడితే చచ్చేది గని, ఎవని చేన్ల వాడు కొడితే పక్క చేన్ల నుంచి మళ్ల వచ్చేవి. అందుకని వాన పడ్డ రాత్రి ఊరు ఊరంత గెట్ల మీద మంటలు పెట్టేది. రెక్కల పురుగు మంటల పడి కాలేది. చేను చుట్టు కందకం తీసేది. మా స్కూలు పిల్లలను కూడ తోల్కపోయిన నేను. అది పండుగ కాదు, పూజ కాదు. మీ డిపార్టుమెంటోళ్లే చెప్పిన్రు. అక్కడ ఎవ్వరు గంప ఎత్తలే. అందరు కట్టెలు మోసిన్రు.

ఏఈవో: అది నా మాట సార్, మీది కాదు! పురుగు బతుకు ఎట్లనో తెలుసుకొని, అది ఎప్పుడు లేస్తదో చూసి, ఊరంత కలిసి చేసిన పని. దేవుడు లేడు, పొట్టేలు లేదు. నేను చేపియ్యాల్నని చూస్తున్నది గదే.

పెద్దసారు: అయితే అందరినీ ఆ రాత్రి గెట్ల మీదికి తెచ్చిందెవరు? నీ డిపార్టుమెంటు కాగితమా?

ఏఈవో: డప్పు.

పెద్దసారు: ఎవరు కొట్టిన్రు?

ఏఈవో: మా తాతే. మళ్ల మా తాతే సార్! మీరు గెలిచిన్రనుకుంటున్నరు గని, ఏ తొవ్వల పోయినా మీరు మా ఇంటి ముందటికే వస్తున్నరు.

ఈసారి ఇద్దరూ నవ్వారు. సారు భార్య చాయ్ తెచ్చి పెట్టి, “ఇందాకటి నుంచి గిదే లొల్లి” అని నాతో అని లోపలికి పోయింది. చాయ్ తాగుతున్నంత సేపు మాట తేలికపడింది. సారు రోమన్లనే పట్టుకుని వేలాడారు. మన పాత నల్లగొండ జిల్లాలోనే రోమన్ చక్రవర్తుల వెండి నాణేలు దొరికినయి, ఆ బేరగాళ్లు మన పొలి చూసి ఉంటే తమ పండుగే అనుకునేవారు అన్నారు. నాణెం వచ్చినంత మాత్రాన పండుగ ఎందుకొస్తుంది, భయం ఒకటే కాబట్టి పండుగ ఒక తీరుగా ఉంది, అంతే అన్నది ఆమె. నాకు ఆమె మాటే సరి అనిపించింది.

ఏఈవో: ఆడోళ్ల సంగతి చెప్పనా? కొలుమెల్లా అని ఇంకో రోము రైతు ఉన్నడు గద. తోటల గొంగళి పురుగులు పడితే ముట్టయిన ఆడమనిషిని చెప్పుల్లేకుంట, జుట్టు ఇరబోసి, మడుల చుట్టు మూడుసార్లు తిప్పుమన్నడు, పురుగులన్ని రాలుతయట. మన కాడనేమో ముట్టయితే తమలపాకు తోటకు రావొద్దు, ఎండిపోతదంటరు. రోముల పురుగులను సంపే నెత్తురే ఈడ తోటను సంపుతది. రెండు దిక్కుల మమ్ములను అడగకుంటనే రాసుకున్నరు.

పెద్దసారు: అందుకే నాకు తండాల తీజ్ మీద ఎక్కువ ప్రేమ. దేవరకొండ దిక్కు చూసిన. పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టలల్ల మన్ను ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలిపిస్తరు. ఈ నేలల గోధుమ చేను కండ్లకు కనబడదు. అయినా గోధుమే కావాలె. ఎక్కడెక్కడ తిరిగొచ్చిన్రో ఆ గింజకు తెలుసు. తొమ్మిదో నాడు ఆ మొలకలను చెర్ల కలిపేటప్పుడు పిల్లలు నిజంగ ఏడుస్తరు. అది పీడను ఎల్లగొట్టే పండుగ కాదు, మొలకను సాదే పండుగ.

ఏఈవో: విత్తనాల మొలక పరీక్ష అని అంటరు ఇప్పుడు మీరు.

పెద్దసారు: అననియ్యవైతివి గద.

చాయ్ గ్లాసు కింద పెట్టి సారు లోపలికి పోయి, ఒక బియ్యం డబ్బాలోంచి ఏదో తీసుకొచ్చారు. చిన్న ప్లాస్టిక్ పుడ. ముద్రంతా వెలిసిపోయింది. పట్టుకుంటే లోపల గింజలు గలగలమన్నాయి.

పెద్దసారు: ఇదేందో చెప్పు.

ఏఈవో: 120 గ్రాముల పుడ! ఇంక ఉంచిన్రా? బీటీ పత్తి డబ్బల వచ్చేది. 450 గ్రాములు బీటీ గింజ, దాంతోని 120 గ్రాములు మామూలు గింజ. బీటీ చేను చుట్టు 5 సాళ్లు మామూలు పత్తి పెట్టాలె. ఎవ్వరు పెట్టలే.

పెద్దసారు: నేను కూడ పెట్టలే. ఎందుకు పెట్టాల్నో ఇతనికి చెప్పు, వ్యాసం రాస్తడు.

ఏఈవో: బీటీ మొక్క తిన్న పురుగు చస్తది. లచ్చలల్ల ఏదో ఒకటి చావది. ఆ చావంది రెక్కల పురుగై, ఇంకో చావని దాంతోని జత కడితే వాటి పిల్లలు కూడ చావవు. అదే చేను చుట్టు మామూలు పత్తి ఉంటే అండ్ల మామూలు పురుగులు వేలకు వేలు బతుకుతయి. చావంది పోయి వాటితోని కలుస్తది. పిల్లలు మళ్ల బీటీ తింటే చస్తయి. అంటే ఆ 5 సాళ్లు పురుగు తినతందుకే పెట్టాలె. మందు కొట్టొద్దు. మన దేశంల బీటీ పత్తికి 2002ల అనుమతి వచ్చింది. 2006ల రెండో రకం వచ్చింది. పదేండ్లు తిరగకముందే గులాబిరంగు పురుగు దానికి కూడ అలవాటు పడ్డది. ఇక్కడి వాతావరణం, ఆలస్యం పంటలు, దొంగ విత్తనాలు అన్ని కలిసినయి. గని ఈ పుడలను గెట్టు మీద పారేసుడు కూడ ఒక కారణమే.

పెద్దసారు: ఇప్పుడు నిజం చెప్పు. చేను చుట్టు, గెట్టు పొంటి, పీడకు దాని పాలు దానికి పెట్టుడు. నీ శాస్త్రం చెప్పింది పొలి కాదా?

నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఈ పోలిక ఇంత తేలిగ్గా దొరికితే నాలాంటివాడు వ్యాసం అక్కడే ఆపేసి లేచిపోతాడు. ఆమె ఆపలేదు.

ఏఈవో: కాదు సార్. ఇనడానికి బాగుంటది గని కాదు. పొలి పీడను పొమ్మంటది. ఈ 5 సాళ్లు పురుగును ఉండుమంటయి. మామూలు పురుగు మనకు కావాలె, అది బతకాలె, అప్పుడే బీటీ పని చేస్తది. రెండు ఉల్టా. ఇంకోటి, పొలి పని చేసిందా లేదా అని చూసే తొవ్వ లేదు. పంట పండితే పొలి మహిమ, ఎండితే చల్లుట్ల తప్పు, గంప ఎత్తినోడు ఎనుకకు చూసిండని తిట్లు. మా తాత ఒక ఏడు తిట్లు తిన్నడు కూడ. నా మాట తప్పయితే బుట్టల పడ్డ పురుగులను లెక్కపెడితే తెల్లారేసరికి తెలుస్తది. నన్ను తిట్టాల్సిన పని లేదు, లెక్క చాలు.

పెద్దసారు: సరే, పొలి కాదు. మరి 450 గ్రాములు చల్లినోళ్లం 120 గ్రాములు ఎందుకు పారేసినం? చదువుకున్నోణ్ని, నేనెందుకు డబ్బల దాసి పెట్టిన?

ఏఈవో: మీ 5 సాళ్ల నష్టం మీది, లాభం ఊరందరిది గనుక. పక్కోడు పెట్టడని మీకు తెలుసు గనుక.

పెద్దసారు: నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది గదే గద!

ఏఈవో: … గదే. ఒప్పుకుంటున్న. మా కాగితాలు ఒక్కొక్క రైతుకు పోతయి. రైతువేదికల మీటింగు పెడితే ఇరవై మంది వస్తరు, ఫోటో దిగుతరు, పోతరు. డిసెంబరుల పత్తి తీసెయ్యుండ్రి, కట్టె చేన్ల ఉంచకుండ్రి, లేకుంటే పురుగు ఆడనే ఉండి వచ్చే ఏడు మళ్ల లేస్తదని నెత్తి నోరు కొట్టుకుంటం. సగం మంది తీస్తరు. మిగతా సగం ఇంకో తీత వస్తదని ఫిబ్రవరి దాక ఉంచుతరు. తీసినోళ్లది కూడ దండుగే. ఊరంత ఒక్క వారంల పత్తికట్టె పీకెయ్యుండ్రి అని చెప్పతందుకు నా దగ్గర ఏ డప్పు లేదు.

పెద్దసారు: బొడ్రాయి కాడ చెప్పు. పొలి రాత్రి ఊరంత ఆడనే ఉంటది. మైకు ఇప్పిస్త.

ఏఈవో: పొలి ఆపుమని వస్తే నన్ను పొలికి పిలుస్తున్నరా? నేనొచ్చి నిలబడితే రేపు మా తాత మోసింది కూడ మంచిదే అయినట్టు గాదా?

దానికి సారు జవాబు చెప్పేలోపు గేటు చప్పుడైంది. చందా పుస్తకంతో కమిటీ పిల్లలు ముగ్గురు, ఒకే బండి మీద వచ్చారు. ఏఈవోను చూసి ఒకడు కొంచెం జంకాడు. ఆమె మాట ఊర్లో అప్పటికే పాకిందన్న మాట. సారు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. వాడల వారీగా పేర్లు, ఎదురుగా అంకెలు.

“ఈసారి మా వాడోళ్ల పేర్లు కూడ చందాల రాసిన్రు,” అన్నది ఆమె, పుస్తకంలోకి తొంగి చూసి.

“రాసినం మేడం. గని మీ వాడ పెద్దమనుషులు పైసలిస్తం, గంప మాత్రం ఎత్తం అన్నరు. మొన్న మీటింగుల పెద్ద లొల్లి అయింది. లాస్టుకు చీటీలు వేస్తమని తేల్చినం. ఊరందరి ఇండ్ల పేర్లు చీటీలు రాసి కుండల వేసి, ఎవరిదొస్తే ఆ ఇంటోళ్లు ఎత్తాలె.”

“అందరి ఇండ్లంటే?”

“అందరియి మేడం.” పిల్లాడు సారు వైపు చూశాడు. “ఇక్కడ రామన్నపేటల ఉన్నోళ్లను ఏం చేద్దమనేదే తేలలే. భూములయితే ఊర్లనే ఉన్నయి గద.”

సారు జేబులోంచి పైసలు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. రసీదు రాయించుకున్నారు. 120 గ్రాముల పుడ ఇంకా ఆయన ఎడమ చేతిలోనే ఉంది.

“నా పేరు కూడ రాయుండ్రి,” అన్నారు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు పెన్ను తీశాడు. సారు పుడను బల్ల మీద పెట్టి, ఆమె వైపు తిరిగి అడిగారు:

“గంప ఎంత బరువుంటది బిడ్డా?”

ఆమె బుట్టను సంచిలో పెట్టుకుని లేచింది.

“తాత ఉన్నప్పుడు అడగాల్సింది సార్.”